పాతబడని బీరువా

మంగళవారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని కోడలు ఆ వారం చేయాల్సిన పనులు చెప్పింది. బీరువాకు రంగు వేయడం ఆ పూటతో అయిపోతుంది. తర్వాత నాలుగు రోజులు చిల్లర పనులు. ఆదివారం పదింటికి పుస్తకాల షాపు తెరవబోతున్న ఆవిడ వచ్చి చూస్తుంది. కోడలు ఉద్యోగం మానేసి పాత సామాన్లు బాగుచేసి అమ్మే పని మొదలుపెట్టాక వచ్చిన మొదటి ఆర్డరు అదే.

"నచ్చితే సరే మావయ్యా. నచ్చకపోతే సోమవారం వెళ్ళి పాత ఆఫీసువాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మామగారు ఆ సగం నవ్వు చూశాడు. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తారు. నలభై ఏళ్ళు వడ్రంగం చేసి, కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక దుకాణం మూసేసి, ఉలి దగ్గర్నుంచి చిత్రిక దాకా పనిముట్లన్నీ కోడలికి అప్పజెప్పిన మనిషి. ఆ ఆఫీసు నుంచి కోడలు రోజూ ఏ మొహంతో ఇంటికి వచ్చేదో ఆయనకు తెలుసు. చెప్పులు విప్పి, లైటు కూడా వేయకుండా అరగంటసేపు అలా కూర్చుండిపోయేది. ఈ బీరువా గట్టెక్కకపోతే మళ్ళీ ఆ కూర్చోవడం చూడాలి. అది ఆయన వల్ల కాదు.

అలాగని సలహా ఇచ్చే వీలూ లేదు. కోడలు మొట్టమొదట ఒక టీపాయ్ బాగుచేసినప్పుడు ఆయన ఎంతో ప్రేమగా పదకొండు తప్పులు ఎత్తిచూపాడు. ఆ పిల్ల రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కొడుకు ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి, "నాన్నా, తనని తన మానాన నేర్చుకోనీ. నువ్వు మాత్రం నోరు విప్పకు," అన్నాడు. ఆయన మాట ఇచ్చాడు. మేస్త్రీ మాట ఇస్తే ఇచ్చినట్టే.

బుధవారం సాయంత్రం కోడలు పని ముగించి, చేతులు కడుక్కుని, తృప్తిగా లోపలికి వెళ్ళింది. గురువారం తెల్లారకట్ల మేస్త్రీ వరండాలోకి వెళ్ళి బీరువా చూశాడు. ముందు రోజు పొద్దున నిండుగా, నీలంగా ఉన్న బీరువాకు అంచులన్నీ గీసుకుపోయి ఉన్నాయి. తలుపుల మూలల్లో రంగు లేచిపోయి అడుగున టేకు కనిపిస్తోంది. పిడుల చుట్టూ ఎవరో గోళ్ళతో రక్కినట్టుంది.

'రంగు ఆరకముందే ఎమరీ కాగితం పెట్టేసింది పిచ్చితల్లి,' అనుకున్నాడు.

అసలు సంగతేమిటంటే, ఆ పిచ్చితల్లి రంగు శుభ్రంగా ఆరాకే, మూడు గంటలు కూర్చుని, ఏ మూల ఎంత అరగాలో ఆలోచించి మరీ గీకింది. ఇప్పుడు వస్తువు పాతగా కనిపించడమే ముచ్చట. అరవై ఏళ్ళు నలుగురి చేతులూ తగిలి ఎక్కడెక్కడ అరిగేదో అక్కడక్కడే రంగు పోగొట్టాలి. అదే పనితనం. మేస్త్రీకి ఈ సంగతి తెలియదు. ఆయన దగ్గరికి నలభై ఏళ్ళలో ఎన్ని వందల మంది వచ్చినా అందరూ అడిగింది ఒక్కటే, పాతదాన్ని కొత్తగా చేసిపెట్టమని. తిరగేసి అడిగినవాడు ఒక్కడూ లేడు.

నోరు విప్పనని మాట ఇచ్చాడు, నిజమే. చేతుల ప్రస్తావన ఆ ఒప్పందంలో రాలేదు. మేస్త్రీ లప్పం పెట్టి మూలల్లో గీతలు పూడ్చాడు. అది ఆరేదాకా ఒక టీ తాగి వచ్చి, కోడలి రంగు డబ్బాలోంచే కాస్త తీసి అంచులన్నిటికీ పూశాడు. తలుపు అంచున గీత తిన్నగా రాలేదు. చెయ్యి వణికి అలలు అలలుగా వచ్చింది. తన పని చూసి తానే మొహం తిప్పుకున్నాడు. అయినా చూసేవాళ్ళకు రంగు లేచిన మచ్చలూ గీతలూ కనబడటంకంటే నయమే కదా.

ఎనిమిదింటికి కోడలు వరండాలోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగానూ వెనక్కి వచ్చింది.

"బీరువాకి రంగు వేశావా?" అని మొగుణ్ణి అడిగింది.

కొడుకు ఫోనులోంచి తల ఎత్తలేదు. పెళ్ళాం ఇంత కష్టపడుతుంటే తను ఒక్క పనీ అందుకోవడం లేదన్న వెలితి అతనికి ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడు అయాచితంగా వచ్చిన పేరును కాదనలేకపోయాడు.

"ఆఁ, ఏదో కొంచెం," అన్నాడు.

కోడలు మొగుడివంక ఒక్క క్షణం అలా చూసింది. మామగారి ఎదురుగా మొగుణ్ణి కడిగెయ్యడం ఆ పిల్ల పద్ధతి కాదు. గదిలోకి వెళ్ళింది. కొడుకు వెనకాలే వెళ్ళాడు. ఆ గదిలో అతనికి ఏం జరిగిందో గానీ, బయటికి వచ్చాక మళ్ళీ వరండా వైపు కన్నెత్తి చూడలేదు. మామగారిని అడగాలన్న ఆలోచన మాత్రం కోడలికి రానే లేదు. వణికే చేతుల మనిషిని పట్టుకుని 'మీరు బ్రష్ పట్టుకున్నారా' అని అడగడం కంటే కష్టపెట్టే మాట ఇంకోటి ఉండదని ఆమె అనుకుంది.

ఆ మధ్యాహ్నం కోడలు మళ్ళీ గీకింది. శుక్రవారం పొద్దున మేస్త్రీ, ఈసారీ ఆరకముందే కాగితం పెట్టిందనుకుని, మళ్ళీ పూశాడు. డబ్బాలో రంగు తరిగిపోతే అనుమానం వస్తుందని తన పాత డబ్బాల్లోంచి ఒక ముదురు నీలం వెతికి తీశాడు. కోడలు మళ్ళీ గీకింది. శనివారం పొద్దున ముదురు నీలం కూడా అడుగంటితే, దాంట్లో ఇంకో డబ్బాలోని ఆకుపచ్చ కలిపి పూశాడు.

"ఒట్టు, నేను ముట్టుకోలేదు!" అని కొడుకు గదిలో మొత్తుకున్నాడు.

"గురువారం మటుకు ముట్టుకున్నావుగా!"

శనివారం మధ్యాహ్నం కోడలు పట్టుదలగా అంచులన్నీ మళ్ళీ గీకి, ఈసారి రంగు పూసినా పోని పని ఒకటి చేసింది. మేకూ సుత్తీ తీసుకుని బీరువా పక్క చెక్కకు సన్నని చిల్లులు కొట్టింది. పాత చెక్కల్లో పురుగు తొలిచిన చిల్లులుంటాయి కదా, అలాగన్నమాట.

ఆదివారం తెల్లారకట్ల మేస్త్రీ ఆ చిల్లులు చూశాడు. బ్రష్ పక్కన పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

నలభై ఏళ్ళు చెక్కతో బతికినవాడికి పురుగు చిల్లుకూ మేకు చిల్లుకూ తేడా తెలియదా అంటే, తెలుసు. పురుగు తొలిస్తే రాలే పొట్టు కోసం వంగి వెతికాడు కూడా. అది కనబడకపోయేసరికి కోడలు ఊడ్చేసిందనుకున్నాడు. మంచి టేకు చెక్కకు మనిషన్నవాడు తన చేత్తో తనే చిల్లులు పొడుస్తాడన్న ఊహ మాత్రం ఆయన బుర్రకు అందలేదు. నిన్న లేని చిల్లులు ఇవాళ ముప్పై ఉన్నాయంటే రేపటికి భోజనాల బల్ల, ఎల్లుండికి మంచాలు.

ఇంట్లో చెబితే కోడలు బెంబేలెత్తిపోతుంది. అందుకని చప్పుడు చేయకుండా పై అంతస్తుకు వెళ్ళి అపార్ట్‌మెంట్ సెక్రటరీ తలుపు తట్టాడు.

"పురుగుల మందు కొట్టేవాడి నంబరు కావాలండీ. మా బీరువాలో పురుగు పడింది. మన మధ్యే ఉండనివ్వండి."

"అయ్యో, నా కడుపులోనే ఉంటుంది మేస్త్రీగారూ," అన్నాడు సెక్రటరీ.

ఎనిమిదింటికల్లా నాలుగు అంతస్తులకూ తెలిసిపోయింది. తొమ్మిదింటికి సోఫాలు, మంచాలు, పుస్తకాల అరలు, ఎవరిదో కాలు విరిగిన ఉయ్యాల, అన్నీ మెట్ల మీదుగా దిగివచ్చి ఆవరణలో ఎండకు నిలబడ్డాయి. ఒకరి కుర్చీ పక్కన ఇంకొకరు కుర్చీ పెట్టనివ్వడం లేదు. నేరస్తుణ్ణి నిలబెట్టినట్టు నీలం బీరువాను అందరికీ దూరంగా గేటు పక్కన నిలబెట్టారు. మేస్త్రీ దాని పక్కనే నిలబడ్డాడు. పదింటికి వచ్చే ఆవిడకు ఏం చెప్పాలో, అంతకంటే ముందు కోడలికి ఏం చెప్పాలో ఆయనకు తోచడం లేదు.

కోడలు బీరువాకు ఇత్తడి పిడులు కొందామని పొద్దున్నే బజారుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర గుంపు. మందు కొట్టే మనిషి వీపున డబ్బాతో బీరువా ముందు గొంతుక్కూర్చుని భూతద్దంతో చూస్తున్నాడు.

"ఏమైంది మావయ్యా?" అంది గుంపును తోసుకుని.

"గాభరా పడకు తల్లీ. పురుగు పడింది. మందు కొడితే పోతుంది."

మందు మనిషి లేచి నిలబడ్డాడు. "ఇరవయ్యేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. వరసకి ఆరు చొప్పున ఐదు వరసలు తొలిచే పురుగుని ఇప్పటిదాకా చూడలేదు. ఇంత క్రమశిక్షణ మనుషుల్లోనే ఉండదు."

కోడలి మొహం ఎర్రబడింది.

"నేనే కొట్టాను మావయ్యా. మేకుతో."

"ఎందుకమ్మా?"

"పాతగా కనబడాలని. అంచులు కూడా అందుకే గీకాను. రోజూ గీకుతున్నాను, రోజూ ఈయన రంగు పూసేస్తున్నాడు."

ఈయన అనబడే కొడుకు గుంపు వెనక నుంచి రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపాడు. మేస్త్రీ ఐదు రోజులుగా జరిగినదంతా ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఆ పిల్ల మూడేసి గంటలు కూర్చుని చేసిన పని, తను పావుగంటలో తుడిచిపెట్టిన పని.

"వాణ్ణి ఏమీ అనకు తల్లీ. పూసింది నేను," అన్నాడు. "అయితే బీరువాకి పట్టిన పురుగు నేనేనన్నమాట."

కోడలు ఆయన చేతివంక చూసింది. కోపం రావలసిన చోట ఆమెకు ఏడుపు వచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటులోంచి ఒకావిడ లోపలికి వచ్చింది. సోఫాలవంకా మంచాలవంకా వింతగా చూస్తూ, "బీరువా కోసం వచ్చాను. ఇక్కడ సంతగానీ జరుగుతోందా?" అంది.

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు గనక కోడలే కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. బీరువా పాతదే గానీ అరుగుదల మాత్రం ఐదు రోజులదని, తను గీకుతుంటే మామగారు పూస్తూ వచ్చారని, చిల్లులు పురుగువి కావని మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది. "క్షమించండి. మీరు అడిగినట్టు రాలేదు," అని ముగించింది.

పుస్తకాల షాపు ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని తలుపు అంచు మీద వేలు నడిపించింది. అక్కడ లేత నీలం, దానిమీద ముదురు నీలం, దానిమీద పచ్చ కలిసిన నీలం, అన్నిటి అడుగునా టేకు, పొరలు పొరలుగా కనబడుతున్నాయి.

"నెల రోజులుగా తిరుగుతున్నానమ్మా. అందరూ ఒక్క రంగు వేసి, దాన్నే గీకి, పాతదంటున్నారు. ఒక పూటలో చేశారని చూడగానే తెలిసిపోతుంది. దీన్ని అలా చేయలేదు. అరిగింది, ఎవరో మనసుపెట్టి బాగుచేశారు. మళ్ళీ అరిగింది, మళ్ళీ బాగుచేశారు. పాత వస్తువంటే అదే కదా." ఆమె వంగి ఇంకాస్త దగ్గరగా చూసింది. "ఈ గీత వేసిందెవరు?"

మేస్త్రీ కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "నేనేనమ్మా. చెయ్యి నిలవదు. ఇప్పుడే చెరిపేస్తాను."

"చెరిపితే ఊరుకోను. ఎక్కడ చూసినా మిషన్ గీతలే, చూసి చూసి విసుగొచ్చింది. ఆ చిల్లులు మాత్రం పూడ్చిపెట్టండి, చూస్తే దడుపు పుడుతోంది."

మేస్త్రీ చెయ్యి ముందుకు తీసి చూసుకున్నాడు. ఏడాదిగా ఆ చేతిని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు ఆయన. జేబులో ఉన్నా అది వణుకుతుందని ఆయనకొక్కడికే తెలుసు.

"ఇలాంటివే ఇంకో రెండు కావాలి," అంది ఆవిడ. "అచ్చం ఇలాగే ఉండాలి. ఎన్నాళ్ళు పడుతుంది?"

కోడలు మామగారివైపు చూసింది. మేస్త్రీ కొడుకువైపు చూశాడు, కొడుకు తలూపాడు. ఇచ్చిన మాట నుంచి విడుదల దొరికినట్టే ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"పద్ధతి ప్రకారమైతే అరవై ఏళ్ళు పడుతుందమ్మా. ఇద్దరం ఉన్నాం గనక నెలలో ఇచ్చేస్తాం."