బోర్డు లేని ఆఫీసు

మంగళవారం హనుమంతుకు సెలవు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, పెద్దపల్లిలో తొమ్మిది గంటల బస్సెక్కి కరీంనగర్ పోయి, భోజనం వేళకు తిరిగి రావాలన్నది అతని ప్లాను. ఇంట్లో చెప్పడానికి కారణం కూడా సిద్ధంగానే ఉంది.

"ఆధార్ల పేరు తప్పు వడ్డది. సరిచేయించుకస్త," అన్నాడు భార్యతో.

"మూడు మంగళవారాల సంది గదే చెప్తున్నవ్," అంది వినోద. "నీ పేర్ల ఉన్నయే నాలుగు అక్షరాలు."

హనుమంతు వినిపించుకోనట్టు చెప్పులేసుకుని బయటపడ్డాడు.

అతను సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట సూపర్‌వైజరు. జనవరిలో అక్కడ బెల్టు తెగి, పక్కనే ఉన్న లక్ష్మణ్ కాలు విరిగింది. లక్ష్మణ్ కట్టు విప్పించుకుని మళ్లీ డ్యూటీ ఎక్కాడు గానీ, హనుమంతుకు మాత్రం అప్పటి నుంచి నిద్ర లేదు. కుక్కర్ కూత పెట్టినా ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడినందుకు సిగ్గేసి ఇంట్లోవాళ్ల మీద అరుస్తాడు. పదో తరగతి చదివే కూతురు నవత అతని ముందు మాట్లాడటమే తగ్గించింది. అప్పుడే ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది: ఉద్యోగులకు ఉచితంగా కౌన్సెలింగ్, అక్కడ చెప్పుకున్న మాట మూడో మనిషికి తెలియదు, కంపెనీకి కూడా తెలియదు. ఆ మూడో మనిషి లెక్కలో భార్యను చేర్చింది మాత్రం హనుమంతే.

బస్సు కదిలిన పది నిమిషాలకు పక్కింటి సక్కుబాయి వచ్చింది.

"వినోదా, పోయిన మంగళవారం నీ మొగుణ్ని కరీంనగర్ల చూసిన. కండ్లద్దాల దుకాణం మీద ఏదో ఆఫీసు. బోర్డు లేదు. ఫైలు వట్టుకొని, అటిటు చూసి, గబగబ మెట్లెక్కిండు."

"బోర్డు లేదా?"

"బోర్డు లేదంటె గల్ఫ్ ఏజెంటే! మా వెంకటిని మస్కట్ పంపుతా అని బొంబయిల దించినోనికి సుత బోర్డు లేకుండె."

సోరకాయ తరుగుతున్న అత్తగారు పోశవ్వ కత్తిపీట పక్కకు నెట్టింది. "నా కొడుకు ఎడారిల ఒంటెలు కాస్తడా? వాడు గంప కింది కోడిని పట్టలేడు!"

వార్త వాడకట్టంతా పాకడానికి పావుగంట పట్టింది. ఒకామె దుబాయ్‌లో ఉన్న తమ్ముడి కోసం మామిడికాయ పచ్చడి జాడీ తెచ్చింది. ఇంకొకాయన కొడుక్కి షుగరు గోలీలు తెచ్చాడు. మూడో ఇంటివాళ్లు సకినాలు మూటగట్టారు. పాస్‌పోర్టుకు దరఖాస్తు కూడా పెట్టని హనుమంతుకు తొమ్మిదిన్నరకల్లా పదకొండు కిలోల సామాను తయారైంది.

"ఆ ఏజెంటు సంగతేందో చూస్త," అని వినోద చెంగు బిగించింది. దారి చూపడానికి సక్కుబాయి, కొడుకును ఆపడానికి పోశవ్వ తోడు బయల్దేరారు. ఆపలేకపోతే ఇచ్చి పంపవచ్చని పోశవ్వ పచ్చడి జాడీ కూడా ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది.

మెట్లెక్కి తలుపు బాదితే తెల్ల చీరలో ఒకావిడ తెరిచింది. కౌన్సెలర్ క్యాథరిన్.

"హనుమంతు లోపలున్నడా?" అంది వినోద.

"ఎవరు వచ్చిన్రు, ఎవరు రాలే అన్నది మేం చెప్పమమ్మా."

"బోర్డెందుకు పెట్టలే?"

"వచ్చేటోళ్లను ఎవరూ గుర్తు పట్టొద్దని."

"విన్నవా! సొంత నోటితోని ఒప్పుకున్నది!" అని సక్కుబాయి చప్పట్లు కొట్టింది.

క్యాథరిన్ ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆడిన ప్రతి నిజమూ ఆమెను ఇంకాస్త దొంగను చేసింది.

"ఆయన పాస్‌పోర్టు ఇయ్యి. లేకుంటె పోలీసులకు ఫోన్ చేస్త!"

"మా దగ్గర పాస్‌పోర్టులు ఉండయమ్మా. జర కూసోండ్రి, నీళ్లు తాగుండ్రి."

నీళ్ల గ్లాసు చేతికి రాగానే వినోద కోపం కరిగిపోయింది. "దుబాయ్ పోతె పోనీ మేడం. ఇంట్ల ఉన్నా లేనట్టే ఉన్నడు. జనవరి సంది నిద్రపోతలేడు. ఆయన మేలుకొనే ఉంటడు, నేను నిద్రపోయినట్టు పండుకుంట. అడిగితె అరుస్తడని అడుగుతలేను. నాకు గూడ భయమైతుంది. ఎవరికి చెప్పుకోవాలె?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. హనుమంతు గడపలో నిలబడ్డాడు. మాటలన్నీ విన్నాడని ముఖమే చెబుతోంది.

"నేను దుబాయ్ పోతలేను. నిద్ర పడుతలేదని వస్తున్న."

"నిద్రకోసం బస్సెక్కి కరీంనగర్ రావాల్నారా?" అంది పోశవ్వ.

అందరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగిన చోట హనుమంతు వినోద పక్కన కూర్చుని, జనవరి నుంచి నోట్లోనే ఉన్న మాట చెప్పాడు. "ఆపే మీట నా చేతికాడనే ఉండె. జర ముందుగాల నొక్కితె లక్ష్మణ్ కాలు విరుగకపోతుండె."

"గిన్ని రోజులు గిది ఒక్కనివే మోసినవా?" అని వినోద అతని చెయ్యి పట్టుకుంది.

రహస్యం ఎవరిదో వాళ్లే విప్పారు కాబట్టి ఇక క్యాథరిన్‌కు నోరు తెరిచే వీలు కలిగింది. ఈ కౌన్సెలింగ్ ఉద్యోగి ఇంటివాళ్లకు కూడా ఉంటుందనీ, ఎవరికి వాళ్లు విడిగా రావచ్చనీ, ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరదనీ చెప్పింది.

"గిప్పుడే కూసోవచ్చా?" అంటూ వినోద లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ముప్పావుగంట సేపు హనుమంతు బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల ముందు ఏడుపు వినిపించింది. తర్వాత నవ్వు వినిపించింది. ఏడుపుకంటే ఆ నవ్వే అతన్ని ఎక్కువ కలవరపెట్టింది. వినోద తేలికైన ముఖంతో బయటికి వచ్చాక అతను గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, నా గురించి ఏమన్న చెప్పిందా?"

"ఎవరు ఏం చెప్పిన్రన్నది మేం చెప్పం, హనుమంతు గారూ."

ఈ నియమం మరీ కఠినంగా ఉందని హనుమంతుకు మొదటిసారి అనిపించింది.

వానలు పడే నాటికి అతనికి ఐదారు గంటల నిద్ర పడుతోంది. కుక్కర్ కూతకు ఇప్పటికీ ఉలిక్కిపడతాడు గానీ అరవడు. "బాపూ, ఇంకా రెండు కూతలున్నయ్," అని నవతే ముందుగా హెచ్చరిస్తుంది.

ఒక మంగళవారం పోశవ్వ కూడా పట్టుబట్టి వెళ్లి, గంటసేపు మాట్లాడి వచ్చింది. తిరుగు బస్సులో వినోద అడిగింది. "ఏం చెప్పినవ్ అత్తమ్మా?"

"చెప్పద్దు. రహస్యం," అంది పోశవ్వ గంభీరంగా.

బస్సు సుల్తానాబాద్ దాటేసరికి ఆ రహస్యం కండక్టరుతో సహా అందరికీ తెలిసింది; ఎందుకంటే నియమం కౌన్సెలర్‌కే గానీ పోశవ్వకు వర్తించదు.