లెక్కల గదిలో శంకువు మాయం

“నా కళ్లుగప్పే నేరస్థుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!” అని ప్రకటిస్తూ లెక్కల గదిలోకి అడుగుపెట్టిన టీచరు తమ్ముడు గుమ్మానికి తల కొట్టుకున్నాడు.

లెక్కల టీచరు నిట్టూర్చింది. ఉద్యోగం సద్యోగం లేని ఈ మహానుభావుడు తనకు తానే ‘డేగకన్ను’ అని బిరుదు ఇచ్చుకున్నాడు. ఇప్పటిదాకా అతగాడు పట్టుకున్నది జలుబు ఒక్కటే. అక్క మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికొచ్చి, రేకు శంకువు కనబడటం లేదన్న మాట విన్నాడు. ఇక వదులుతాడా?

ఆమె తొందర ఆమెది. పది గంటలకు తనిఖీ అధికారి వస్తాడు. శంకువుతో మూడుసార్లు నీళ్లు పోస్తే, అంతే అడుగు, అంతే ఎత్తు ఉన్న స్తూపం అంచుదాకా నిండుతుందని పిల్లలతో చేయించి చూపించాలి. లేకపోతే ఆ గదిని విరిగిన బల్లలకు ఇచ్చేస్తానని హెడ్మాస్టరు చెప్పేశాడు.

డేగకన్ను నల్లబల్ల వైపు తిరిగి కెవ్వుమన్నాడు.

“అక్కా, రహస్య సందేశం! ‘కేంద్రం’ అంటే ముఠా కేంద్రం. ‘పరిధి నలభై నాలుగు’ అంటే వాళ్ల కార్యకలాపాల పరిధి!”

“అది వృత్తం పాఠంరా. నేనే రాశాను.”

“మరి ‘వ్యాసం పద్నాలుగు’? పద్నాలుగు వ్యాసాలు రాసిన దొంగా?”

“వృత్తం మధ్యలోంచి ఈ చివర నుంచి ఆ చివరకి గీసే గీతరా, వ్యాసమంటే!”

“అలా నిన్ను నమ్మించారన్నమాట!” అంటూ దూసుకెళ్లి, పక్క గదిలోంచి సైన్సు మాస్టారినీ ఒక గరాటునీ లాక్కొచ్చాడు.

“దొరికింది! శంకువు కొనకి కన్నం పెట్టి వేషం మార్చేశారు!”

“బాబూ, అది పుట్టినప్పట్నుంచీ గరాటే,” అన్నాడు సైన్సు మాస్టారు, కళ్లజోడు సర్దుకుంటూ.

“నేరస్థులందరూ అనే మాటే అది!” అంటూ డేగకన్ను వీరుడిలా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు కింద చెక్క గోళం ఉంది. గోళం దాని ధర్మం ప్రకారం దొర్లింది. అతను బల్లను పట్టుకోబోయి, బోర్లించి ఉన్న స్తూపాన్ని ఒక్క తోపు తోసి, నేలమీద పడ్డాడు.

స్తూపం పక్కకి ఒరిగింది. దాని కింద శంకువు బుద్ధిగా కూర్చుని ఉంది.

టీచరు నాలుక్కరుచుకుంది. నిన్న సాయంత్రం బల్ల సర్దుతూ, చోటు కలిసొస్తుందని శంకువు మీద స్తూపాన్ని బోర్లించింది తనే.

“చూశావా! కావాలనే పడ్డాను,” అన్నాడు నేలమీంచి డేగకన్ను.

అంతలో అధికారి రానే వచ్చాడు. ఒక పాప మూడుసార్లు నీళ్లు పోసింది. స్తూపం చుక్క ఒలకకుండా నిండింది. అధికారి తల పంకించి, గది ఇలాగే ఉండాలని పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. వెళ్లబోతూ, నడుం పట్టుకుని మూలుగుతున్న మనిషిని చూసి ఆగాడు.

“ఇదేమిటమ్మా?”

“ఇదీ నమూనాయేనండీ,” అంది టీచరు వినయంగా. “పైకి ఘనం, లోపల బోలు.”