కూర్చోరాని కుర్చీల మహత్యం

కుర్చీ ఉన్నది కూర్చోవడానికే అనుకునేవాళ్లు ఇంకా ఈ లోకంలో ఉన్నారంటే నాకు నవ్వు రాదు, జాలేస్తుంది. పాపం, వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు!

నేనూ మొన్నమొన్నటి వరకూ ఆ అజ్ఞానంలోనే బతికాను. మా హాల్లో నాలుగు కుర్చీలుండేవి. చేతుల మీద రంగు పోయింది, ఒకదానికి కాలి కింద అట్టముక్క పెట్టాలి. ఎవరొచ్చినా వాటిలో కూలబడేవాళ్లు. ఒకరోజు మా బావమరిది వచ్చాడు. ఇళ్లకు అలంకరణ సలహాలు ఇవ్వడం అతని ఉద్యోగం. హాలంతా కలయజూసి, ఇంట్లో ఎవరో పోయినంత మెల్లగా అన్నాడు.

"బావా, మీ హాల్లో కుర్చీలున్నాయి గానీ, ఒక్కటీ మాట్లాడటం లేదు."

మాట్లాడకపోవడమే వాటి మంచితనం అనుకున్నాను నేను. మా ఆవిడ అలా అనుకోలేదు. వారం తిరిగేసరికి ఆ నాలుగూ గుమ్మం దాటాయి.

తర్వాత మూడు వారాలు మేం కుర్చీల వేటలో ఉన్నాం. ఇంట్లోంచి ఒక టేపు, కర్టెన్ గుడ్డ ముక్క, నేల మీది టైల్ ముక్క, గోడ రంగు పూసిన అట్ట పట్టుకుని బయల్దేరేవాళ్లం. ప్రతి కుర్చీనీ కిటికీ ఎత్తుతో కొలిచాం, కర్టెన్‌తో పోల్చాం, టైల్ మీద నిలబెట్టాం. ఒక షాపులో పాలిష్ వేసే పెద్దాయన చేతిలో గుడ్డతో నిలబడి మమ్మల్ని చాలాసేపు చూశాడు. చివరికి ఉండబట్టలేక, "ఒకసారి కూర్చుని చూడరా అమ్మా?" అన్నాడు. మా ఆవిడా, ఆవిడ తమ్ముడూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అలా మా ఇంటికి మూడు కుర్చీలు వేంచేశాయి.

మొదటిది యాంటిక్. నల్లటి కర్ర, సింహం పంజాల్లాంటి కాళ్లు, వయసు నూట పాతికేళ్లు. "ఇందులో ఒక జడ్జిగారు ముప్పై ఏళ్లు కూర్చున్నారు సార్," అన్నాడు షాపువాడు. మన కోటా కూడా కలిపి ఆయనే కూర్చునేశారన్నమాట! ఇక అందులో ఎవరూ కూర్చోకూడదు. తడిగుడ్డతో తుడవకూడదు. దాని ఎదుట గట్టిగా తుమ్మినా మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూస్తుంది.

రెండోది వింటేజ్. యాంటిక్‌కీ వింటేజ్‌కీ తేడా ఏమిటని అడిగాను. "నూరేళ్లు నిండితే యాంటిక్, నిండకపోతే వింటేజ్ బావా," అన్నాడు బావమరిది. అచ్చం అలాంటి పేము కుర్చీనే మా నాన్న పాతదైపోయిందని పారేశారు. ఆయనకు వింటేజ్ అనే మాట తెలియక పాతది అనుకున్నారు, అంతే. అల్లిక మధ్యలో బాగా వదులైంది. పిల్లి ఎక్కినా ఆలోచించి ఎక్కుతుంది.

మూడోది మోడర్న్. తెల్లగా, నున్నగా, ఒంటికాలి మీద నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. అందులో కూర్చోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. లేవాలంటేనే ఇద్దరు మనుషులు కావాలి.

వీటివల్ల కలిగిన లాభాలు మీరే చూడండి! ఇదివరకు ఇన్సూరెన్స్ ఏజెంటు వస్తే గంట కదిలేవాడు కాదు. ఇప్పుడు నిలబడే మాట్లాడి నాలుగు నిమిషాల్లో నా చావు సంగతి తేల్చేసి వెళ్తున్నాడు. డాక్టరు నన్ను ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు. ఆయన మందులు చేయలేని పని కుర్చీలు చేశాయి. పిల్లలు హోంవర్కు మంచం మీద బోర్లా పడుకుని చేస్తున్నారు. అక్షరాలు కాస్త పక్కకు ఒరిగితే ఒరిగాయి, కుర్చీలు నిటారుగా ఉన్నాయి కదా!

ఇక సంసార శాంతి గురించి చెప్పనే అక్కర్లేదు. కోపం వచ్చి విసురుగా లేచిపోవాలంటే ముందు కూర్చుని ఉండాలి. మా ఇంట్లో ఆ అవకాశమే లేదు. మీరు చదువుతున్న ఈ నాలుగు మాటలూ చెప్పుల స్టాండు మీద కూర్చుని రాస్తున్నాను. గాలి బాగానే వస్తోంది.

అసలైన లాభం మా అక్కయ్య విషయంలో కలిగింది.

అక్కయ్య ఒక ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. వారంలో ఆరు రోజులు దుప్పట్లు లెక్కచూస్తూ నిలబడే ఉంటుంది. మనిషి భారీ, మోకాళ్లు అంతంతమాత్రం. ఆదివారం నాలుగు గంటలకు మా ఇంటికొచ్చి, పాత కుర్చీలో హమ్మయ్య అని కూర్చుని, రెండు గంటలు కబుర్లు చెప్పి వెళ్లేది. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

కొత్త కుర్చీలొచ్చాక మొదటి ఆదివారం వచ్చింది. తిన్నగా జడ్జిగారి కుర్చీ వైపు నడిచింది.

"వదినా, అది కాదు..." అంది మా ఆవిడ, ట్రే పట్టుకునే పరుగెత్తుకొచ్చి.

అక్కయ్య పేము కుర్చీ వైపు తిరిగింది. "అక్కయ్యా, అల్లిక!" అని అరిచింది నేనే. ఆవిడ తెల్లకుర్చీని ఎగాదిగా చూసి, "ఇందులో దిగితే నన్ను పైకెవరు తీస్తార్రా?" అని నవ్వింది. మేమూ నవ్వాం. "బస్సులో కూర్చునే వచ్చాలే, ఫరవాలేదు," అంటూ భుజాన సంచీతోనే నిలబడి టీ తాగింది.

టీ అయ్యాక కప్పు మా ఆవిడకిచ్చి, యాంటిక్ కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి నిలబడింది. మా ఆవిడ కప్పులు తీసుకుని లోపలికెళ్లాక గొంతు తగ్గించింది.

"ఒరేయ్, నీతో ఒక మాట చెప్దామని వచ్చానురా. మొన్న డాక్టరు దగ్గరికి..."

నిజం చెప్తున్నాను, ఆ నిమిషంలో నేను ఆవిడ మొహం చూడటం లేదు. ఆ చేతి కింద కర్ర కిర్రుమనడం వింటున్నాను.

"అక్కయ్యా, కాస్త చెయ్యి... వీపు దగ్గర అతుకు వదులుగా ఉంది."

ఆవిడ చప్పున చెయ్యి తీసేసింది. తీసేసి, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు సంచీ పట్టీ సర్దుకుంది. "అవునవును, పాతది కదా," అంది. గడియారం చూసి, బస్సు వేళయిందంది. వచ్చి పదకొండు నిమిషాలైంది. రెండు గంటల మనిషిని పదకొండు నిమిషాల్లో పంపించగల కుర్చీ ఇంకెవరింట్లో ఉంది చెప్పండి!

తర్వాత మూడు ఆదివారాలు నాలుగు గంటలు వచ్చాయి, వెళ్లాయి. మా హాలు ఫొటో తీసుకోవడానికి మాత్రం బావమరిది స్నేహితులు వచ్చారు. ఎంత బాగుందో అన్నారు. నిజంగానే బాగుంది. మనిషన్నవాడు కనబడకుండా ఉంటే ఏ హాలైనా బాగుంటుంది.

నిన్న ఉండబట్టలేక అక్కయ్యకు ఫోన్ చేశాను. ఆ రోజు డాక్టరు ఏమన్నాడని అడిగాను.

"అది ఫోన్‌లో చెప్పేది కాదులేరా. కూర్చుని మాట్లాడుకోవాలి," అంది.

"అయితే ఈ ఆదివారం రా అక్కయ్యా," అన్నాను.

ఆవిడ ఏ కోపమూ లేకుండా, చిన్నప్పుడు నన్ను అన్నానికి పిలిచినంత మామూలుగా అంది.

"నువ్వే రారా నాయనా. మా ఇంట్లో కుర్చీలున్నాయి."