కేసముద్రంలో కైట్ సర్ఫింగ్

...కాబట్టి గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకోవడమంత మేలు మనిషికి మరేదీ చెయ్యదు! తొందరపడి అంటున్న మాట కాదిది. కిటికీ దగ్గర కూర్చుని, చేతిలో టీ చల్లారిపోయేదాకా ఆలోచించి అంటున్నాను.

మీరు నవ్వుతారని తెలుసు. కేసముద్రంలో అద్దె గదిలో ఉండేవాడికి సముద్రపు గాలితో పనేమిటని అడుగుతారు. నిజమే, మా ఊళ్లో పేరులో తప్ప సముద్రం లేదు. మార్కెట్ యార్డు ఉంది, పత్తి ఉంది, ధాన్యం ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక కదలని లారీలూ రాని రైళ్లూ ఉన్నాయి.

అయితే మాకు ప్రేమ్‌సింగ్ కూడా ఉన్నాడు!

ప్రేమ్‌సింగ్‌ది ఊరి పక్క తండా. ఏటా వానలు వెనకబట్టగానే గోవా పోతాడు, మళ్లీ వానలు పడేటప్పుడు వస్తాడు. ఈసారి సమ్మె కోసం ఆగిపోయాడు. గోవాలో అతని ఉద్యోగం బీచిలో. రష్యా నుంచి వచ్చినవాళ్లు కాళ్ల కింద ఒక పలక పెట్టుకుని, నడుముకు తాళ్లు బిగించుకుంటారు. తాళ్ల చివర ఆకాశంలో పందిరంత గాలిపటం ఉంటుంది. అది లాగుతుంటే వాళ్లు నీళ్ల మీద పరుగెడతారు. దాన్ని కైట్ సర్ఫింగ్ అంటారట. పటం లేచేదాకా పట్టుకోవడం, మనిషి పడ్డప్పుడు పడవలో పోయి తేవడం ప్రేమ్‌సింగ్ పని.

"పగటీలి మంచిగనే ఉంటది సార్," అని ఒకనాడు నాకు చెప్పాడు. "సముద్రం దిక్కు నుంచి గాలి కొడ్తాంటది, ఆడుకుంటాంటరు. మాపటీలి ఒక్కసారే తిరుగుతది. పటం టపుక్కున నీళ్లల్ల పడ్తది. మల్ల లేసిందంటే ఒడ్డుకు రాదు, మనిషిని లోపటికే గుంజుకపోతది. ఇగ అరుసుడే అరుసుడు!"

"ఏమని అరుస్తారు?"

"రష్యా భాషల అరుస్తరు సార్. నాకు మాత్రం యాడీ, యాడీ అన్నట్టే వినవడ్తది."

యాడీ అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ.

చూశారా! అంతవరకూ ఆ రష్యా మనిషి ఏమనుకుంటున్నాడు? తానే పోతున్నాననుకుంటున్నాడు. తాడు తన చేతిలో ఉంది గనక దిక్కు కూడా తన చేతిలోనే ఉందనుకుంటున్నాడు. నేను మానుకోటలో ఒక ప్రైవేటు బి.ఎడ్. కాలేజీలో మనోవిజ్ఞానం చెప్పుకుని బతికేవాణ్ణి. ఈ భ్రమ ఎంత మొండిదో నాకు తెలుసు. ఏళ్ల తరబడి డాక్టరు ముందు సోఫాలో పడుకుని బాల్యమంతా చెప్పుకున్నా వదలదు. గాలి రెప్పపాటులో వదిలిస్తుంది. పైగా ఈత కూడా నేర్పుతుంది!

అసలు గాలి ఎప్పుడూ ఒకే దిక్కున వీస్తే ఏమయ్యేది? కైట్ సర్ఫర్ ఎగిరెగిరి, ఎక్కడా ఆగలేక, ఏ కొబ్బరి చెట్టుకో వేలాడేవాడు. లేదా ఎదురు దిక్కున పోయి అరబ్బు దేశంలో పాస్‌పోర్ట్ లేకుండా దిగేవాడు. మధ్యలో ముంచి, భయపెట్టి, పడవ ఎక్కించి ఇంటికి చేర్చేది గాలి మార్పే కదా? ప్రేమ్‌సింగ్ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదీ అందువల్లే కదా?

ఇంతటి ఉపకారిని తిట్టడానికి మనసెలా వస్తుంది!

మన ప్రాంతంలో ఈ ఆట లేదని చింతపడేవాళ్లున్నారు. ఎందుకు లేదు? మన ప్రజాప్రతినిధులను చూడండి. పొద్దున రాజీనామా అంటారు, జనం భుజాల మీద ఎత్తుకుంటారు. మధ్యాహ్నం ఢిల్లీ నుంచి ఫోనొస్తుంది. సాయంత్రానికి ఆ రాజీనామా సరైన ఫార్మాట్‌లో లేదని తేలుతుంది. పలక లేదు, తాడు లేదు, బట్ట తడవలేదు! రష్యావాళ్లు వీళ్ల దగ్గర ట్రైనింగ్ తీసుకోవాలి.

రెండేళ్ల కింద డిసెంబర్లో తెలంగాణ ఇస్తున్నామని ప్రకటన వచ్చింది. మేం రోడ్ల మీద మిఠాయిలు తినిపించుకున్నాం. నోట్లో తీపి ఉండగానే గాలి తిరిగింది. దానివల్ల మనకెంత మేలు జరిగింది! ఆ రోజే వచ్చేసి ఉంటే ఇప్పుడు మార్కెట్ గేటు పక్కన ఈ దీక్షా శిబిరం ఉండేదా? నేను రోజూ వెళ్లి సంఘీభావం తెలపడానికి చోటుండేదా?

సంఘీభావం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. రిలే దీక్షలో రోజుకు కొందరు మెడలో దండలతో పొద్దున కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు, మర్నాడు ఇంకొందరు. మిగతావాళ్లు వచ్చి, చెయ్యి కలిపి, ఫొటోలో నిలబడి వెళ్లిపోవాలి. ఈ రెండో పనిలో నాకు మంచి పేరుంది.

శిబిరం నడిపే రాజమల్లు, మా వీధి కిరాణా కొట్టతను, నన్ను చూసినప్పుడల్లా అడిగేవాడు.

"సారూ, ఒక్కనాడన్న కూసోరాదూ?"

"చూద్దాం రాజమల్లూ."

"ఎప్పుడడిగినా సూద్దామే! నువ్వు సూస్తనే ఉండు, మేం కూసుంటనే ఉంటం."

నా ఇబ్బంది అతనికేం తెలుసు? దీక్షలో కూర్చున్న లెక్చరర్ మళ్లీ కాలేజీలో కూర్చోనక్కర్లేదని మా కరస్పాండెంట్ ఎంతో మర్యాదగా చెప్పారు. పైగా నేను పరిశీలకుణ్ణి. ఉద్యమంలో జనం మనస్తత్వాన్ని పరిశీలించాలంటే కాస్త దూరం ఉండాలి. రోడ్డుకు ఇవతలి పక్క సరిగ్గా అంత దూరంలో ఉంటుంది.

మొన్న టెంట్‌హౌస్ వాళ్లు, ఎవరిదో పెళ్లి ఉందంటూ, శిబిరం మీది షామియానా విప్పుకుపోయారు. ఎండ మాడుతోంది. అప్పుడు ప్రేమ్‌సింగ్ ఇంటికి పోయి పెద్ద సంచీ తెచ్చాడు. అందులోంచి కైట్ బయటికొచ్చింది! పగటి గాలి జోరులో సరుగుడు చెట్ల మీద పడి చిరిగితే ఒక రష్యా ఆయన వదిలేసి పోయాడట. కుట్లు వేయించి దాచుకున్నాడు.

రెండు రంగుల పటం. ఒక సగం ఒక పార్టీ రంగు, రెండో సగం ఇంకో పార్టీ రంగు. ఏ సగం రోడ్డు వైపు ఉండాలన్న దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. చివరికి ఎవరికీ పూర్తిగా కనబడకుండా ఐమూలగా నాలుగు వెదుళ్లకు కట్టారు.

"ఇదేం డేరా రా?" అన్నాడు రాజమల్లు, వేలాడుతున్న గుడ్డను చూసి. "దీక్షల కూసున్నోళ్ల కన్న ఇదే నీరసంగున్నది."

"దీని అంచుకు గొట్టమున్నది అన్నా. గాలి కొడితే నిక్కి నిలవడ్తది, సూడు."

ఎదురుగా పంక్చర్ షాపు. ట్రాక్టర్ టైరుకు కొట్టినట్టు కొట్టారు. కైట్ రొమ్ము విరుచుకుని నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"గాలొస్తే?" అన్నాను, రోడ్డు ఇవతలి నుంచి.

"సముద్రం ఏడున్నది సార్ ఈడ?" అని ప్రేమ్‌సింగ్ నవ్వాడు. నేనూ నవ్వాను. న్యాయమైన మాటే కదా.

ఆ రోజు దీక్షలో రాజమల్లు, ప్రేమ్‌సింగ్, అతని తల్లిదండ్రులు కమ్లీ, బీక్యా కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నావని కమ్లీని అడిగాను. పరిశీలనలో భాగంగానే.

"తెలంగాణ వస్తే ఈడనే ఏదన్న కొలువు దొరుకుతది సార్. మావోడు గోవా పోవుడు బందైతది. ఆ నీళ్లల్ల పడవేసుకుని పోతాంటే నాకు ఈడ నిద్ర వడ్తలేదు."

మధ్యాహ్నం దాటాక యార్డులోని పత్తి పింజలు ఒక దిక్కుగా పోతూ పోతూ, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగాయి. అంతే! కైట్‌కు తన పుట్టుక గుర్తొచ్చింది. రెండు వెదుళ్లను పీక్కుని, శిబిరం ఫ్లెక్సీని వెంటేసుకుని మార్కెట్ గేటు మీదుగా లేచింది.

"అన్నా, తాడు!" అంటూ ప్రేమ్‌సింగ్ వేలాడాడు. అతని కాళ్లు నేలను తాకుతూ, విడుస్తూ పోయాయి. మెడలో దండ ఎగురుతుండగా రాజమల్లు పరుగెత్తాడు.

"పైలం కొడుకా! ఇడిసెయ్యి, ఇడిసెయ్యి!" అంటూ బీక్యా పరుగెత్తాడు. చూడవచ్చినవాళ్లు, పంక్చర్ షాపువాడు, ఊరంతా రైలు పట్టాల వైపు పరుగెత్తింది. కేసముద్రం చరిత్రలో ఇదే మొదటి కైట్ సర్ఫింగ్ అయి ఉండాలి!

కమ్లీ మాత్రం లేవలేదు. మొదట లేవబోయింది. కొడుకు దూరంగా ఇసుక కుప్ప మీద పడి, నవ్వుతూ చెయ్యి ఊపడం చూసి మళ్లీ కూర్చుంది.

అప్పుడే హెడ్ కానిస్టేబుల్ వచ్చి బండి ఆపాడు.

"ఏందమ్మా, మనుషులేరి?"

"గాలెంట వోయిండ్రు."

"ఇగ నువ్వు గూడ పో. ఒక్కదానివి కూసుంటే రిలే దీక్ష అంటరా? ఖాళీ అయితే శిబిరం తీసేయుమని పైనుంచి ఆర్డరున్నది. మల్ల పర్మిషన్ రాదు."

"ఇద్దరైతే అంటరా?"

అతను బండి స్టాండు వేసి కాస్త ఆలోచించాడు. చెడ్డవాడేం కాదు. "ఇద్దరైతే ఇంకో మాట. కాని రెండో మనిషేడి? ఆళ్లు వచ్చేదాక నేన్ ఆగలేను."

కమ్లీ రోడ్డు ఇవతలికి చూసింది. అతనూ చూశాడు.

"సారూ, మీరు వీళ్ల మనిషేనా, ఉత్తగ సూడవచ్చిండ్రా?"

ఇంత సులువైన ప్రశ్నను మా సబ్జెక్టులో ఏ పరీక్షలోనూ ఇవ్వరు. జవాబుకు ముందు నా మనసు ఎన్ని చోట్లకు తిరిగొచ్చిందో చెబితే మీకు నవ్వొస్తుంది. కరస్పాండెంట్ గదికి వెళ్లింది. ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లింది. రేపు ఏ పత్రికలో ఏ ఫొటో వస్తుందో చూసొచ్చింది. ఆ డిసెంబర్లో మిఠాయి తిన్న నోటితోనే, గాలి తిరిగాక, 'నేను ముందే అనుకున్నాను' అన్న నా మాటను కూడా విన్నది.

పాఠకులారా, గాలి మారడం గొప్ప వరమని ఇంతసేపు వాదించాను కదా. ఎవరికి వరమో చెప్పడం మరిచిపోయాను. తాళ్లు కట్టుకున్నవాడు మునుగుతాడు. పడవవాడు తెడ్డు వేస్తాడు. వాడి తల్లికి నిద్ర పట్టదు. ఒడ్డున పొడి బట్టలతో నిలబడి, గాలి ఇప్పుడు ఎటు ఉందో చూసుకుని మొహం అటు తిప్పుకునేవాడికి మాత్రం ఏ గాలీ అడ్డు కాదు. నాయకుల గురించే రాస్తున్నానని మీరనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

"చెప్పుండ్రి సారూ, నాకు డ్యూటీ ఉన్నది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

కమ్లీ కొద్దిగా పక్కకు జరిగింది.

రోడ్డు దాటాను. జంఖానా కాలుతోంది. చెప్పులు విడిచి కూర్చున్నాను.