ఎదుటి కుర్చీ ఖాళీగా ఉండడమే మేలు!

చదరంగం ఆడడానికి ఎదుట మనిషి దొరక్కపోవడం ఈ కాలానికి పట్టిన అదృష్టం! నవ్వకండి. ఎనిమిది నెలలు వెతికి, కాళ్ళు అరిగాక తెలుసుకున్న సత్యమిది.

ఫోన్‌లో ఆటే చూడండి. అవతల ఎవరున్నారో తెలియదు. వాడు ముక్కు చీదడు. మన బంటు చచ్చినప్పుడు ఈల వేయడు. మనం ఓడితే వీధంతా చాటడు. గెలిస్తే మనమూ ఎవరికీ చెప్పుకోలేం, అది వేరే సంగతి. అన్నిటినీ మించిన సుఖం ఇంకొకటుంది. పావును నొక్కి, 'అబ్బే, వద్దులే' అనుకుంటే వదిలేయొచ్చు. ఫోను కిక్కురుమనదు!

అయినా నా బుద్ధి గడ్డి తిని, ఎదురెదురుగా కూర్చుని ఆడే క్లబ్బు కోసం బయల్దేరాను. మ్యాపు చూపించిన చోటికి రెండు బస్సులు మారి వెళ్ళాను. ఇస్త్రీ షాపు మీద మేడ. క్లబ్బు పేరుతో బోర్డు ఉంది. బల్లలున్నాయి. బల్లల నిండా ఇస్త్రీకి వచ్చిన దుప్పట్లున్నాయి.

"క్లబ్బు ఇదేనా?" అన్నాను.

"ఇదేనండీ! సభ్యులు నూట నలభై మంది," అన్నాడు ఇస్త్రీ ఆయన, పెట్టె పక్కకు జరిపి.

"ఏరీ?"

"గ్రూపులో ఉన్నారు. మీ నంబరు చెప్పండి, కలిపేస్తా."

ఎంత సౌకర్యం! నూట నలభై మందికి ఒక్క కుర్చీ కూడా అక్కర్లేదు.

ఆ తర్వాత ఒక టోర్నమెంటుకు వెళ్ళాను. పెద్ద హాలు. గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే టీచరమ్మ నన్ను చూడగానే ఎంతో మర్యాదగా వరండా చూపించింది. "పేరెంట్స్ బయటండీ."

"ఆడ్డానికొచ్చానమ్మా."

ఆమె కాగితం తిరగేసింది. "ఏడేళ్ళలోపు, తొమ్మిదేళ్ళలోపు, పదకొండేళ్ళలోపు... మీరు దేంట్లోకి వస్తారు తాతగారూ?"

దేంట్లోకీ రాను. వెళ్ళి పేరెంట్స్ మధ్య కూర్చున్నాను. అందరూ తలలు వంచుకుని ఫోన్లలో ఉన్నారు. నా పక్కాయన ఆడుతున్నది చదరంగమే! అవతలివాడిది ఏ దేశమో ఆయనకూ తెలియదట.

"మనిద్దరం ఆడదామా?" అన్నాను ఆశగా.

"తప్పకుండానండీ! మీ ఐడీ చెప్పండి," అన్నాడు.

అప్పటికి ఆయన మోచేయి నా మోచేతికి తగులుతూనే ఉంది!

ఇంటికొచ్చి ఈ సౌఖ్యాలన్నీ మా ఆవిడకు వివరించాను. అంతా విని, "ఎదురు షాపులో మా అన్నయ్యను పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చారా?" అంది.

ఇక దాచడం దేనికి? రోడ్డుకు అవతల సైకిళ్ళు బాగుచేసే షాపు మా బావదే. పదకొండేళ్ళు రోజూ సాయంత్రం మా వరండాలో ఆడాం. ఎనిమిది నెలల కిందట ఒకనాడు నేను తెల్ల గుర్రాన్ని ముట్టుకున్నాను. కదిపితే నా మంత్రి పోతాడని అప్పుడు చూసుకున్నాను.

"ముట్టుకున్నావుగా బావా, ఆడు!"

"గడిలో సర్దాను బావా, అంతే!"

"సర్దేవాడివి పైకెందుకెత్తావ్?"

మాటామాటా పెరిగింది. ఇక ఎవరితో ఆడతావో చూస్తానంటూ గుర్రాన్ని జేబులో వేసుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి పంక్చర్లు వేస్తూ ఇటు చూడడు. చూడడం లేదు కదా అని నేను అటే చూస్తూ ఉంటాను. బల్ల మీద పావులు ఆనాడు ఉన్నట్టే ఉన్నాయి. మా ఆవిడ వాటిని కదపకుండా చుట్టూ దుమ్ము తుడుస్తుంది.

అంచేత పాఠకులారా, నేనే ఒక టోర్నమెంటు పెడుతున్నాను. మా వరండాలో, సాయంత్రం ఐదింటికి. బల్ల ఒకటి, కుర్చీలు రెండు. వయసుతో పని లేదు, ఐడీ అడగం. ప్రవేశ రుసుము ఒక తెల్ల గుర్రం.

ఆగిన ఆట ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ముట్టుకున్న పావును కదపాల్సిందే. ఎత్తు నాది. మంత్రి పోతే పోనీ!