స్టాండులో మిగిలిన సైకిలు

ఆ బుధవారం పొద్దున దయాసాగర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సుసన్న చర్చిలో స్త్రీల ప్రార్థనకు వెళ్తుంది, పదిన్నరకు గానీ రాదు. ఈలోగా సైకిలు బయటికి తీసి, గోదావరి వంతెన దాకా వెళ్లి, మళ్లీ తెచ్చి ఉన్నచోటే పెట్టి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి. అరవై ఆరేళ్ల మనిషి, ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టిన టింబర్‌మన్, తన సైకిలును తన ఇంట్లోంచే దొంగతనంగా తీయాల్సి వచ్చిందంటే ఊరికే రాలేదు.

పోయిన వానాకాలంలో బొగ్గు బురద మీద బ్రేకు వేసి, జారిపడి, ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో కట్టు కడుతుండగానే సుసన్న తీర్పు చెప్పేసింది. ఇక సైకిలు తొక్కేది లేదు. ఆయన తొక్కలేదు సరే, కానీ రోజూ తుడవడం, చైనుకు నూనె పొయ్యడం, బెల్లు పనిచేస్తున్నదో లేదోనని రెండుసార్లు మోగించి చూడటం మానలేదు. తొక్కని సైకిలుకు ఇంత సేవ ఎందుకని ఆమెకు అనుమానం వచ్చింది. రామకృష్ణాపూర్‌లో ఉన్న తమ్ముడు శాంతిరాజ్‌కు ఫోన్ చేసి, "బేస్తవారం వచ్చి ఈ సైకిల్ తీస్కపో. ఇంట్ల ఉంటే మీ బావ ఊకోడు," అని చెప్పింది. బేస్తవారమంటే రేపే.

నిజానికి దయాసాగర్‌కు సైకిలు తొక్కడం కన్నా తొక్కకుండా పోవడం ఇష్టం. పెద్దరోడ్డు మీద వంతెనకు ముందు ఒక దిగుడు ఉంది. అక్కడ కాళ్లు ఆపేసి, నడుం నిటారుగా పెట్టి, చొక్కాలోకి గాలి దూరుతుంటే అలా జారిపోవాలి. డ్యూటీ చేసిన రోజుల్లో ప్రతి ఆదివారం ఆ దిగుడు కోసమే అంత దూరం వెళ్లేవాడు. వారమంతా కప్పు తగలకుండా తల వంచుకుని పనిచేసినవాడికి తలెత్తుకుని పోవడంలో ఎంత సుఖముందో మిగతావాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. ఆ పొద్దున కూడా కడుపునిండా జారాడు. చేతి నొప్పి గుర్తు లేదు, మోకాలి నొప్పి గుర్తు లేదు, దేవుడు క్షమించుగాక, సుసన్న కూడా గుర్తు లేదు. వంతెన దగ్గర ఆగి నీళ్లు చూస్తూ, ఇదే ఆఖరుసారి కదా అనుకున్నాడు. సీటు మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాడు.

తాను పనిచేసిన బాయి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఆటో వస్తున్నది. అందులో నలుగురు ఆడవాళ్లు, నలుగురిలో ఒకరు సుసన్న. ప్రార్థన తొందరగా ముగిసి, ఎవరో బాలింతను చూడటానికి వెళ్లి వస్తున్నారు. దయాసాగర్ చటుక్కున హ్యాండిల్ తిప్పి, గేటు పక్కనున్న సైకిల్ స్టాండులోకి దూరాడు. పేరుకు సైకిల్ స్టాండే గానీ ఇప్పుడు అన్నీ మోటారు బండ్లే. వాటి మధ్య సైకిలును ఇరికించి, తాళం వేసి, చేతులు ఊపుకుంటూ బయటికొచ్చాడు. స్టాండు చూసుకునే ఎల్లన్న ఆ సమయానికి చాయ్ తాగడానికి పోయాడు.

"ఏమయ్యా, ఈడున్నవేంది?" అంది సుసన్న ఆటో ఆపించి.

"వాకింగు," అన్నాడు.

"గింత దూరమా?"

"డాక్టర్ చెప్పిండు గద, నడువుమని."

సుసన్న మొహం వెలిగిపోయింది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఒకరి మాట వినడం అదే మొదటిసారి. "చూసిండ్రా, మా ఆయన నడుస్తుండు," అని ఆటోలో ఉన్నవాళ్లందరికీ చెప్పి, "నడిచింది సాలు, ఎక్కు," అని పక్కన కూర్చోబెట్టుకుంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఎక్కాడు.

మధ్యాహ్నం ఏదో వంక పెట్టి వెళ్లి సైకిలు తెచ్చుకోవచ్చనుకున్నాడు. కానీ సుసన్న ఆ సంతోషంలో కోడికూర వండింది. తిన్నాక మంచం మీద కూర్చోబెట్టి, "ఎన్నడు నడవని కాళ్లు," అంటూ నూనె రాసి పిక్కలు పిసికింది. అబద్ధం చెప్పిన కాళ్లకు ఆ మర్యాద అందుతుంటే దయాసాగర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది.

అక్కడ బాయి దగ్గర మూడు గంటలకు మొదటి షిఫ్టు ముగిసింది. ఆ షిఫ్టు బండ్లన్నీ వెళ్లిపోయాక స్టాండులో ఒక్క సైకిలు మిగిలింది. షిఫ్టు అయిపోయాక స్టాండులో బండి మిగిలిందంటే బాయిలో మనిషి మిగిలాడని అర్థం. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, కానీ బొగ్గు మీద బతికే ప్రతి ఇంటికీ తెలుసు. ఎల్లన్న నెల కిందటే గోలేటి బాయి నుంచి బదిలీ మీద వచ్చాడు. ఏ సైకిలు ఎవరిదో ఎరగడు. గుండె చేత్తో పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు.

అండర్ మేనేజర్ కామేశ్వరరావు రాజమండ్రి నుంచి వచ్చిన మనిషి, నిదానస్థుడు. హాజరు పుస్తకం తీసి చూశాడు. "నూట పద్దెనిమిది మంది దిగారు, నూట పద్దెనిమిది మంది పైకొచ్చారు. అందరూ ఉన్నారయ్యా."

"పుస్తకం కరెక్టే ఉండొచ్చు సార్. మరి ఆ సైకిల్ ఎవలిది?"

దానికి పుస్తకంలో జవాబు లేదు. దీపాల గదికి వెళ్లి టోపీ దీపాలు లెక్కపెట్టించాడు. ఒకటి తక్కువ వచ్చింది. అది మరమ్మతుకు పోయిందని చెప్పాల్సినవాడు షిఫ్టు అయిపోగానే ఇంటికి పోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. కామేశ్వరరావు నిదానం అక్కడితో సరి. రెండో షిఫ్టు దిగకుండా ఆపించి, వెతకడానికి ఆరుగురిని కిందికి పంపాడు. దిగాల్సినవాళ్లు ఊరుకుంటారా, తలా ఒక ఫోన్ చేశారు.

నాలుగు గంటలకు పక్కింటి సారక్క వచ్చి కిటికీ కొట్టింది. "వదినా, బాయిల ఒకాయన మీదికి రాలేదట."

దయాసాగర్ లేచి చెప్పులు వేసుకునేసరికే సుసన్న వాకిట్లో ఉంది. అదే ఆటో మాట్లాడుకుని ఇద్దరూ వెళ్లారు. దారిలో ఆయనకు, ఎట్లాగూ అటే పోతున్నాం, సైకిలు కూడా తెచ్చుకోవచ్చు అనిపించింది. కింద ఒక ప్రాణం ఉంటే ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకున్నాడు.

గేటు దగ్గర సుసన్న ఆడవాళ్లున్న వైపు, స్టాండు నీడకు వెళ్లింది. దయాసాగర్ మగవాళ్లను తోసుకుంటూ కామేశ్వరరావు దగ్గరికి చేరాడు.

"పాత పనిస్థలం దిక్కు చూసిండ్రా సార్? నేను దిగుత. నాకు దారి ఎరుకే."

"పెద్దాయనా, మీరు రిటైరయ్యారు. మిమ్మల్ని దించకూడదు."

"కింద మనిషి ఉన్నంక రిటైరేంది సార్?"

ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అప్పుడే ఎల్లన్న రొప్పుతూ వచ్చాడు. "ఎవలో దెలిసింది సార్. పెండ్లాం వచ్చి సైకిల్ గుర్తువట్టింది. దయాసాగర్ అట. టింబర్‌మన్."

దయాసాగర్ ఎల్లన్న భుజం పట్టుకున్నాడు. "నా పేరోడే," అన్నాడు. "అదే పని గూడ. ఎప్పుడు చేరిండో ఏమో, పాపం." తరువాత స్టాండు వైపు చూసి, "ఎసోంటి సైకిలు?" అని అడిగాడు.

"నల్లది కాకా. సీటుకు పాత రెయిన్‌కోటు గుడ్డతోని కవరు కుట్టి ఉన్నది."

ఆ కవరు కుట్టింది సుసన్న. దయాసాగర్ తిరిగి చూడకుండా స్టాండు వైపు నడిచాడు.

అక్కడ సుసన్న నేల మీద కూర్చుని, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తున్నది. చుట్టూ ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఏడుస్తున్నారు. ఆయన వంగి, మెల్లగా, "సుసన్నా," అన్నాడు.

"నువ్వు జరుగయ్యా," అంది ఆమె తలెత్తకుండానే. "జల్ది పోయి సార్‌కు చెప్పు, మా ఆయన ఇంక మీదికి రాలే."

"సుసన్నా, నేనే మీ ఆయనను."

ఆమె తలెత్తి చూసింది. కాళ్ల నుంచి తల దాకా చూసింది. మధ్యాహ్నం తాను నూనె రాసిన పిక్కలు, తాను ఉతికిన చొక్కా, విరిగి అతుక్కున్న చెయ్యి, అన్నీ ఉన్నాయి. చుట్టూ ఏడుపు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. వెంట వచ్చిన ఎల్లన్న సార్‌కు చెప్పడానికి వెనక్కి పరుగెత్తాడు.

"వాకింగు గాదు," అన్నాడు దయాసాగర్ తల వంచుకుని. "రేపు శాంతిరాజ్ తీస్కపోతడు గద అని, ఒక్కసారి ఆ దిగుడు దిగొద్దామని పోయిన. నిన్ను చూసి ఈడ దాసిన. తీస్కపోనీ, నేనింక ముట్ట."

సుసన్న కొడుతుందని అందరూ అనుకున్నారు, ఆయన కూడా అనుకున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ముప్పై నాలుగేండ్లు," అంది. "మూడుంబావుకు గల్లిల బెల్లు మోగితే అన్నం పెట్టేదాన్ని. మోగకపోతే వాకిట్ల నిలవడేదాన్ని. ఎన్నడో ఒకనాడు ఈ సైకిలు స్టాండుల ఒక్కటే ఉంటదని రోజు బుగులు వడేదాన్ని. ఇయ్యాల చూసిన. నువ్వు నా పక్కపొంటి ఆటోల వచ్చిన సంగతి గూడ యాదికి రాలే." ఆమె చక్రం వదిలి లేచి నిలబడింది. "తొక్కితే పడతవని బుగులైతది నిజమే. కాని ఇది నువ్వు లేకుంట నిలవడితే నేను చూడలేను. తాళం తియ్యి. శాంతిరాజ్‌ను రావద్దంట."

దయాసాగర్‌కు తాళంచెవి జేబులో వెంటనే దొరకలేదు. దొరికాక రంధ్రం కనబడలేదు, కళ్లనిండా నీళ్లున్నాయి. తాళం తీసి సైకిలు బయటికి లాగేసరికి సుసన్న చీర కుచ్చిళ్లు సర్దుకుని క్యారియర్ ఎక్కి కూర్చుంది.

"నువ్వు కూసుంటే ఎత్తు ఎక్కది," అన్నాడు.

"ఎత్తొస్తే దిగుత. దిగుడొస్తే కూసుంట. ఏడున్నది నీ దిగుడు?"

సైకిలు మొదట అటూ ఇటూ ఊగి, తరువాత సర్దుకుని వంతెన వైపు సాగింది. దిగుడు మొదలవగానే సుసన్న కళ్లు గట్టిగా మూసుకుని ఆయన నడుం పట్టుకుంది. సగం దాకా దిగాక గాలికి కొంగు లేస్తుంటే కళ్లు తెరిచి, "ఊకె బ్రేకులు వట్టకు," అంది.

రెండో షిఫ్టు గంటన్నర ఆలస్యంగా ఎందుకు దిగిందో ఆ సాయంత్రం కామేశ్వరరావు రిపోర్టు రాయాల్సి వచ్చింది. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, కారణం అన్న చోట, "గల్లంతైన వ్యక్తి భార్యతో షికారుకు వెళ్లాడు," అని రాసి సంతకం పెట్టాడు.