తీగ మీది చొక్కా

ఆ ఉదయం పిచ్చుక వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. బట్టల కొట్టు యజమాని ఆడా మగా ఎవరైనా వేసుకునే వదులు చొక్కాలు ఎనిమిది పంపాడు. వరసకు వదినయ్యే మేనత్త కూతురు ఒక్కొక్కటీ వేసుకుని కిటికీ పక్కన నిలబడాలి, పిచ్చుక ఫొటోలు తీయాలి, సాయంత్రం ఆయన వచ్చి చూడాలి. నచ్చితే ఈ ఏడాది కొట్టు ఫొటోలు తీసే పనంతా పిచ్చుకదే. నచ్చకపోతే సోమవారం నుంచి నాన్న వెంట ఆఫీసుకు వెళ్ళి గుమాస్తాగా కూర్చోవాలి.

మాట పెగలని పిల్లకు ఇంట్లోవాళ్ళు ఆ పేరెందుకు పెట్టారో తెలియదు. పిచ్చుకైనా అప్పుడప్పుడు అరుస్తుంది.

మొదటి చొక్కా వదిన ఒంటి మీద వెదురుకర్రకు దుప్పటి కప్పినట్టుంది. ఈ పనిలో దానికో కిటుకు ఉంది. వదులుగా ఉన్న గుడ్డను వీపు వెనక్కి లాగి క్లిప్పులు పెడితే ముందు నుంచి కొలిచి కుట్టినట్టే కనిపిస్తుంది. పిచ్చుక మేడ మీదికి వెళ్ళి, బట్టలారేసిన తీగ మీది క్లిప్పులన్నీ పీక్కొచ్చింది. అమ్మకు చెబుదామనుకుంది. అమ్మ ఫోనులో ఉంది. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది.

గాలి అంతవరకు ఆగలేదు. మేడంతా చెల్లాచెదురైన బట్టలను అమ్మ గాలిని తిట్టుకుంటూ ఏరుకొచ్చింది. ముందుగదిలో తాడుకు కొట్టు చొక్కాలు వేలాడుతుంటే, చొక్కా ఉండాల్సింది చొక్కాల మధ్యే కదా అని నాన్న చొక్కాను కూడా అక్కడే తగిలించింది. స్నానం చేసి వచ్చిన నాన్న ఆ తాడు నుంచే చేతికందింది తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఆ సమయంలో పిచ్చుక కిటికీకి తెల్లటి దుప్పటి కట్టడంలో మునిగి ఉంది.

మధ్యాహ్నానికి ఎనిమిది చొక్కాలూ అయిపోయాయి. క్లిప్పులు తీస్తుంటే చివరి చొక్కా జేబు మీద సిరా మరక కనిపించింది.

"ఇది మీ నాన్నది కదే," అంది వదిన.

"నాన్నదే."

"మరైతే తొమ్మిదుండాలి."

"ఎనిమిదే ఉన్నాయి వదినా."

"అయితే ఇది మీ నాన్నది కాదు."

మళ్ళీ లెక్కపెట్టారు. ఎనిమిదే. మరక కూడా నాన్నదే. అమ్మను అడిగితే, ముందు తన క్లిప్పుల సంగతి తేల్చమంది.

అది తేలకముందే సాయంత్రమైంది, యజమాని వచ్చాడు. ఉన్నది చెప్పేద్దామని పిచ్చుక నోరు తెరిచి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది. ఆయన ఏడు ఫొటోలకు "ఊఁ" అన్నాడు. ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాడు.

"చొక్కా అంటే ఇదీ. ఈ రంగు మన కొట్లో ఉందని నాకే తెలీదు. బోర్డు మీద ఇదే పెడదాం."

సరిగ్గా అప్పుడే నాన్న లోపలికి వచ్చాడు. వీపు మీద కొట్టువాళ్ళ ధర చీటీ ఊగుతోంది.

"ఇవాళ ఆఫీసులో అందరూ నా వెనక చేరే మాట్లాడుకున్నారు," అన్నాడు సంతోషంగా. "పలుకుబడి పెరిగినట్టుంది."

యజమాని చీటీని చూశాడు, ఫొటో చూశాడు, తాడును చూశాడు. పిచ్చుక కళ్ళు మూసుకుని, క్లిప్పుల దగ్గర్నుంచి మరక దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆ ఇంట్లో ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఆయన పాత చొక్కా తీసుకుని మెడ దగ్గర తిప్పి చూశాడు. గుర్తు తన కొట్టుదే.

"ఎప్పుడు కొన్నారమ్మా?"

"మా పిచ్చుకను బళ్ళో వేసిన ఏడాదండీ," అంది అమ్మ. "అప్పట్నుంచీ ఉతుకుతూనే ఉన్నా."

ఆయన చాలాసేపు నవ్వాడు. అన్నేళ్ళు నిలిచిన చొక్కాను మించిన ప్రకటన లేదని, దాన్ని అద్దాల బీరువాలో పెడతానని పట్టుకుపోయాడు. బదులుగా నాన్న ఒంటి మీదిది నాన్నకే వదిలేశాడు. ఏడాది ఫొటోల పని పిచ్చుకకు ఖాయం చేశాడు.

సోమవారం నాన్న ఒక్కడే ఆఫీసుకు బయలుదేరాడు. గడప దాటే ముందు మాత్రం పిచ్చుకను పిలిచి, తన వీపుకొక ఫొటో తీయించుకుని చూసుకున్నాడు.